నొప్పి లేని మచ్చ

బుగ్గలోపల, నాలుకమీద, అంగిటిలో కనబడు మచ్చలలో దేనికి భయపడవలెను, దేనికి భయపడనక్కరలేదు?

మనుష్యశరీరమునందు పుట్టు మహావ్యాధులలో అనేకములు కాలేయములోనో, ఊపిరితిత్తులలోనో, ప్రేవులలోనో, కంటికి కానరాని చోట్ల రహస్యముగా పెరిగి, ముదిరిన పిమ్మటగాని తమ ఉనికిని తెలియజేయవు. వానిని కనిపెట్టుటకు మహానగరములలోని యంత్రములు కావలెను, ఆ యంత్రముల వ్రాతను చదువగల పండితులు కావలెను. నోటిలో పుట్టు వ్యాధికి ఇవి ఏవియు అక్కరలేదు. పెదవులు తెరచి, నాలుక నెత్తి, వెలుతురు వైపు మొగము త్రిప్పినంతనే అది కంటికి కనబడును, వ్రేలికి తగులును. ఇంత సులభముగా బయటపడు వ్యాధియే మన దేశమున పురుషులకు వచ్చు క్యాన్సర్లలో అగ్రశ్రేణియందుండుటయు, దాని వాతబడి దవాఖానకు వచ్చువారిలో పెక్కుమంది మించిపోయిన పిమ్మటనే వచ్చుటయు మిక్కిలి బాధాకరమైన విషయము. మచ్చను చూడనివారు కొందరే. చూచియు దానిని తప్పుగా చదువుకొన్నవారు అనేకులు. నోటిలోని మచ్చను కొలుచుటకు మన జనులు వాడు కొలబద్ద ఒక్కటే, అది నొప్పి. నొప్పి యున్నచో మందు వెదకుదురు, లేనిచో మరచిపోవుదురు. ఆ కొలబద్ద నోటి విషయమున తలక్రిందులుగా పనిచేయునని తెలియజెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలమున, ఆలేరు వాగున కడ్డముగా, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున 1922 నాటికి కట్టి ముగించిన పోచారం జలాశయమును చూడని ఎల్లారెడ్డి ప్రాంతపువారుండరు. వానకాలమున చెరువు నిండి మత్తడి దుమికినపుడు ఆ ఘోష దూరమునకు వినబడును. దానిని చూచుటకు ఊళ్ళకు ఊళ్ళు తరలివచ్చును. అయినను కట్టను కాచు లస్కరు ఆ ఘోషకు బెదరడు, ఏలయన నీరు పోవలసిన త్రోవనే పోవుచున్నదని యతడెరుగును. కట్టకు వెలుపలివైపున, చప్పుడులేకుండ, ఒక్క జానెడు నేల చెమ్మగిల్లినట్లు కనబడినచో మాత్రము అతనికి ఆ రాత్రి నిద్రపట్టదు. నోటిలో మంటపెట్టి, అన్నము తిననీయక, మాటాడనీయక బాధించు పుండు చాలవరకు మత్తడి నీరువంటిది. చెమ్మవంటిది వేరొకటి కలదు, అది బాధింపదు.

ముందుగా బాధించుదానిని గూర్చియే చెప్పుదును. పెదవిలోపలనో, నాలుక అంచుననో, బుగ్గలోననో చిన్న గుంటవలె, నడుమ తెల్లగాను పసుపుగాను, చుట్టును ఎర్రని అంచుతోను లేచు పుండును మనవైపువారు ‘నోరు పొక్కింది’ అందురు. ‘వేడి చేసింది’ అని కారణమును గూడ తామే నిర్ణయించుకొని మజ్జిగ త్రాగుదురు. మజ్జిగ వలన హాని యేమియు లేదు. నిద్రలేమి, మనోవ్యథ, తినునపుడు పంటిక్రింద బుగ్గ పడుట, రక్తమునందు ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను తగ్గుట, వంశపారంపర్యముగ వచ్చు స్వభావము ఇవన్నియు దీనికి కారణములు కాగలవు. అది వారము పదిదినములలో, మహా ఆలస్యమైనచో రెండువారములలో, మచ్చయైన మిగులకుండ మానిపోవును. నెలనెలయు తిరిగి తిరిగి వచ్చువారు రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది, ముఖ్యముగా మాంసము, పాలు తినని వారును, ఎల్లపుడు అలసియుండు స్త్రీలును. ఇంతకుమించి దానిని గూర్చి దిగులుపడ నక్కరలేదు.

నొప్పి లేకుండ కనబడు మచ్చలన్నియు ప్రమాదకరములని తలంపరాదు. సెల్‌ఫోను దీపము వెలిగించి అద్దములో నోరు చూచుకొను అలవాటు యువకులలో పెరిగినది. అది మంచిదే గాని, దానితో అనవసరపు భయములును పెరిగినవి. పై పెదవిలోను బుగ్గలలోను ఇసుకరేణువులవలె గుంపుగా కనబడు లేతపసుపు చుక్కలు మన చర్మమున నూనె నూరించు గ్రంథులే, దారితప్పి నోటిలో నిలిచినవి; 1896లో వానిని వర్ణించిన అమెరికా చర్మవైద్యుని పేర వానిని ఫోర్డైస్ కణికలందురు. పెద్దవారిలో పెక్కుమందికి ఇవి యుండును, మందు లేదు, మందు అవసరమును లేదు. పండ్లు కలిసికొను మట్టమున బుగ్గలోపల ముందునుండి వెనుకకు సాగు తెల్లని గీత పంటి ఒరపిడి వలన కలుగునది. నాలుక వెనుకభాగమున బాణపు మొనవలె రెండు వరుసలుగా తీర్చియున్న బొడిపెలు రుచి నెరుగు అవయవములు. వానిని గడ్డలని భ్రమించి వైద్యుని యొద్దకు పరుగెత్తువారు గలరు. నాలుకమీద ఎర్రని ద్వీపములును వానికి తెల్లని అంచులును ఏర్పడి, నేడొకచోట, ఎల్లుండి వేరొకచోట కనబడుచు దేశపటమువలె మారుచుండు స్థితియు నిరపాయకరమే. మన దేశస్థుల చిగుళ్ళ మీద గోధుమవన్నెగాను నల్లగాను కనబడు రంగు చాలమందికి పుట్టుకతో వచ్చు చర్మవర్ణమే గాని రోగము కాదు. అయితే ఇదివరకు లేనిచోట క్రొత్తగా పుట్టిన నల్లమచ్చ, పెరుగుచున్న నల్లమచ్చ చూపించుకొనదగినది.

తెల్లమచ్చ కనబడినపుడు మొట్టమొదట చేయదగిన పరీక్ష మిక్కిలి సులభము. శుభ్రమైన గుడ్డను వ్రేలికి చుట్టి మెల్లగా తుడిచి చూడవలెను. పెరుగు మీగడవలె ఊడివచ్చి, క్రింద ఎర్రని నేల కనబడినచో అది బూజుజాతికి చెందిన కాండిడా అను సూక్ష్మజీవి పని. పసిబిడ్డలకు, మధుమేహము అదుపున లేనివారికి, ఉబ్బసమునకు పీల్చుమందు వాడి నోరు పుక్కిలింపనివారికి, కట్టుడుపండ్లను రాత్రియు తీయక నిద్రించువారికి, రోగనిరోధకశక్తి క్షీణించినవారికి ఇది వచ్చును. తగిన మందుతో పోవును. కాని అది మరల మరల వచ్చినచో నోటికి మాత్రము మందు వేసి ఊరకొనక, రక్తములో చక్కెర యెంత యున్నదో చూడవలెను.

తుడిచినను పోని తెల్లమచ్చయే చెమ్మగిల్లిన కట్ట. బుగ్గలోననో, చిగురుమీదనో, నాలుక ప్రక్కననో సున్నము పూసినట్లు, కొన్నియెడల పగుళ్ళువారిన మట్టివలె, కొంచెము మందముగా నుండు ఈ మచ్చను వైద్యులు ల్యూకోప్లేకియా అందురు. అది మండదు, కారము తగిలినను తరచుగా చురుక్కుమనదు, తిండికి అడ్డురాదు. ఇట్టి మచ్చ గల స్త్రీని ఆశవర్కరు పలుకరించినచో వచ్చు సమాధానము దాదాపు ఎల్లచోట్ల నొక్కటియే: ‘ఏం కాలేదక్కా, జరంత తెల్లగైంది, నొప్పయితే లేదు.’ ఇట్టి మచ్చలలో అధికభాగము ఎన్నడును క్యాన్సరుగా మారవు, కొన్ని మారును. ఏది మారునో, ఏది మారదో కంటితో చూచి చెప్పగల వైద్యుడు లేడు; కావుననే చిన్నముక్క తీసి పరీక్షింపవలసియున్నది. తెలుపు కంటె ఎరుపు మరింత ప్రమాదకరము. పట్టువస్త్రమువలె నునుపుగా, ఎర్రగా, హద్దు తేటగా నుండి, ఎన్నినాళ్ళైనను తగ్గని మచ్చను చూచినచో వారము గూడ ఆగరాదు. తెలుపు ఎరుపు కలిసి మచ్చలు మచ్చలుగా నున్నచో అదియు నట్టిదే. రెండు బుగ్గలందును సన్నని తెల్లదారములతో అల్లికవలె కనబడు లైకెన్ ప్లేనస్ అను స్థితి మరొకటి కలదు. దానిని భయపడక, మరువక, వైద్యుని కంటి యెదుట ఉంచుకొనవలెను.

బీడీల నేల

తెల్లమచ్చలను గూర్చి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో వ్రాయునపుడు పొగాకును గూర్చి వ్రాయకుండుట సాధ్యము కాదు. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల సీమలయందు ఇంటివాకిట చాట యొడిలో పెట్టుకొని, తడిపి మెత్తబరచిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, కొస మడిచి, దారము కట్టు స్త్రీలు వేలకు వేలు గలరు. వారి శ్రమకు 1966లో ఒక చట్టమును, వారి సంక్షేమనిధికై 1976లో మరియొక చట్టమును వచ్చినవి. తెలంగాణ ప్రభుత్వము జీవనభృతియు నిచ్చుచున్నది. ఆ కూలితో పిల్లలను చదివించి, పెండ్లిండ్లు చేసి, గల్ఫు దేశములకు పోయిన భర్తల అప్పులు తీర్చిన ఇల్లాండ్రను నేను నిందింపజాలను. వారి చేతిపని యెడల నాకు గౌరవము కలదు. కాని ఒక విషయమును చెప్పక తప్పదు. పొగాకు వస్తువులపై బొమ్మలతో కూడిన హెచ్చరిక 2009 మే 31 నుండి తప్పనిసరియైనది. 2016 ఏప్రిల్ నుండి ఆ హెచ్చరిక పొట్లపు వైశాల్యములో నూటికి 85 పాళ్ళు ఆక్రమింపవలెనని నియమ మేర్పడినది. ఆ చీటీని కార్ఖానాలో అంటింతురు. ఇంటిలో కూర్చుండి చుట్టు స్త్రీ చేతిలో ఆ బీడీకి ఇంకను బొమ్మ లేదు. ఆమె భర్తయు, మామయు ఆ చాటలోనుండియే తీసి కాల్చుకొనుచుందురు.

బీడీలో పొగాకు కొంచెమే గదా, సిగరెట్టుకంటె మేలు గదా యని వాదించువారు గలరు. తునికాకు త్వరగా మండదు. బీడీ ఆరిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. అందువలన పొగ తగ్గుటకు మారుగా పెరుగును. 2016-17లో జరిగిన జాతీయసర్వే ప్రకారము మన దేశమున వయోజనులలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపమున పొగాకును వాడుచుండగా, నూటికి 21.4 మంది నమలుటకో, పెదవిక్రింద పెట్టుకొనుటకో, పండ్లకు రాచుకొనుటకో వాడుచుండిరి. అనగా పొగ రాని పొగాకే మన దేశమున పెద్ద శత్రువు. ఏ బుగ్గలో తంబాకు ముద్ద నిలుచునో ఆ బుగ్గలోనే మచ్చ పుట్టుట వైద్యులకు నిత్యానుభవము. మద్యము తోడైనచో ఆ రెంటి కీడు కూడికగా గాక గుణకారముగా పెరుగును.

గుట్కాయందు పొగాకుతో పాటు వక్క గలదు. పొగాకు లేని వక్కపొడి నిర్దోషమని మన పెద్దలు నమ్మిరి. భోజనానంతరము అతిథికి తాంబూల మిచ్చు సంస్కృతిలో పెరిగిన మనకు ఆ నమ్మకమును విడుచుట కష్టమే. అయినను వక్కయే స్వయముగా క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లో ప్రకటించిన గ్రంథమున స్పష్టముగా నిర్ణయించినది. వక్క నిత్యము నమలువారి బుగ్గలలోపలి మెత్తదనము క్రమముగా పోయి, తెల్లబారి, చర్మముక్రింద త్రాళ్ళు బిగిసినట్లై, కారము తగిలిన భగ్గున మండి, తుదకు నోరు తెరచుకొనదు. 1952లో ష్వార్ట్జ్ అను వైద్యుడు ఆఫ్రికాలో నివసించు భారతీయస్త్రీలయందు ఈ స్థితిని మొదట వర్ణించెను. మరుసటి యేటనే బొంబాయిలో జోషి అను వైద్యుడు దానికి సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అను పేరు స్థిరపరచెను. నాడు వారు చూచినది పెద్దవారిలో. నేడు రంగురంగుల పొట్లములు బడి గేటు ప్రక్కన దొరకుట వలన మీసములు రాని బాలురలోను కనబడుచున్నది. పొగాకు కలిసిన గుట్కాను ప్రభుత్వము నిషేధించినను, మహారాష్ట్ర, కర్ణాటకముల సరిహద్దున నున్న ఈ జిల్లాలో ఆ నిషేధమును కాగితము దాటించుటకు నిరంతర జాగరూకత కావలెను. పిల్లవాని నోటిలో అతని చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్ళు మూడును నిలువుగా చేర్చి దూర్చగలుగుచున్నాడో లేదో చూడుడు; దూరనిచో మరునాడే వైద్యునికి చూపుడు.

అంగిటిపై నిప్పు

పరీక్షచేయు కన్ను ఊరూరికి పోయినపుడు ఏమి కాగలదో తెలుపు చరిత్ర మన తెలుగునేలమీదనే కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో స్త్రీలు చుట్టను వెలుగుచున్న కొస నోటిలోపల ఉండునట్లు పట్టుకొని కాల్చుదురు. దానిని అడ్డపొగ యందురు. తడిచేతులతో పనిచేయుచు, గాలివానలలో నడచుచు, నిప్పారకుండ కాచుకొనుటకు ఈ రీతి యలవడినదని చెప్పుదురు. తల్లివద్ద కూతురు నేర్చుకొనును. నిప్పు అంగిటికి అంగుళము దూరమున నుండును. ప్రపంచమున నితరత్ర అరుదైన గట్టి అంగిటి క్యాన్సరు విశాఖపట్టణపు ఆసుపత్రికి తరచుగ వచ్చుటను ఆంధ్ర వైద్యకళాశాలలోని వైద్యులు గమనించిరి. 1957లో రెడ్డి, రావు గారలు ఈ అలవాటునకును ఆ వ్యాధికిని గల సంబంధమును గూర్చి వ్రాసిరి. తరువాత బొంబాయి టాటా పరిశోధనసంస్థకు చెందిన ఫాలీ మెహతాయు, డెన్మార్కు దేశపు దంతరోగశాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గును, వారి సహచరులును శ్రీకాకుళము జిల్లాలో ఇంటింటికి తిరిగి 10,169 మంది నోళ్ళు తెరపించి చూచిరి. వారిలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ త్రాగువారే. 1971లో వెలువడిన ఆ నివేదికలో అంగిటిపై తెల్లబారుట, ఎర్రచుక్కలు, బొడిపెలు, రంగు పోవుట, పుండ్లు మున్నగు మార్పు లెన్నియో వర్ణింపబడినవి. ఆ స్త్రీలలో ఎంతమంది నొప్పి యని వైద్యుని వెదకుకొని వచ్చియుందురు? వైద్యుడే వారి వాకిటికి పోయెను గనుక అవి కంటబడినవి.

కేవలము చూచుట ప్రాణమును నిలుపునా యను శంకకు కేరళము సమాధానము చెప్పినది. తిరువనంతపుర ప్రాంతమున 1996లో మొదలై పదమూడు పంచాయతులలో జరిగిన మహాపరీక్షలో, వైద్యులు గాని సామాన్య పట్టభద్రులకు నోరు చూచుట నేర్పి ఇంటింటికి పంపిరి. 2005లో ప్రకటితమైన ఫలితముల ప్రకారము, పొగాకు గాని మద్యము గాని సేవించువారిలో నోటిక్యాన్సరు మరణములు సుమారు మూడవవంతు తగ్గినవి. యంత్రము లేదు, ఔషధము లేదు. ఒక దీపము, శిక్షణపొందిన రెండు కన్నులు.

ఆ కన్నులను ఎవరికి వారే సంపాదించుకొనవచ్చును. నెల కొకమారు, పండ్లు తోముకొన్న పిమ్మట, చేతులు కడుగుకొని, కట్టుడుపండ్లున్నచో తీసివైచి, ఎండవెలుగున అద్దము ముందు నిలువుడు. రెండు పెదవులను మడిచి లోపల చూడుడు. బుగ్గలను వ్రేలితో లాగి వెనుకటి దవడపండ్లవరకు చూడుడు. తల వెనుకకు వాల్చి అంగిటిని చూడుడు. నాలుక చాపి, దాని కొసను పొడిగుడ్డతో పట్టుకొని రెండు ప్రక్కలకు లాగి అంచులు చూడుడు. పిదప నాలుకను అంగిటి కానించి దాని క్రిందినేల చూడుడు. నాలుక అంచులును ఆ క్రిందినేలయు అందరు మరచు చోట్లు, ప్రమాదము దాగుచోట్లును. తుదకు దవడక్రిందను, మెడ ప్రక్కలను వ్రేళ్ళతో తడవి గట్టిగడ్డ యున్నదేమో చూడుడు. నోటిలోపలి పొర మిక్కిలి వేగముగ తన్ను తాను నూతనము చేసికొనునది. కావున సామాన్యమైన గాయమేదియు రెండువారములు నిలువదు. రెండువారములు దాటిన పుండు, మచ్చ, గడ్డ, కారణములేక కదలుచున్న పన్ను, తిమ్మిరెక్కిన పెదవి, మ్రింగుటలో అడ్డు ఇవి నొప్పి యున్నను లేకున్నను చూపించుకొనవలసినవి. విరిగిన పంటి మొన తగిలి నాలుక పుండైనదని తోచినచో ఆ మొనను అరుగదీయించుకొనుడు. అరుగదీసిన రెండువారములకును మానకున్నచో కారణము పన్ను కాదు.

దంతముల శుభ్రతను గూర్చి పాఠకులకు తెలియనిది తక్కువ. కనుక కొంచెమే చెప్పుదును. ఉదయము తోముట మనవారందరు చేయుదురు, రాత్రి పండుకొనబోవు ముందు తోముట కొద్దిమందే చేయుదురు. నిద్రలో లాలాజలము ఊరుట తగ్గును గనుక పిప్పికి ఆ రాత్రియే అదను. ఫ్లోరైడు గల పేస్టుతో మెత్తని బ్రష్షుతో రెండు నిముసములు చాలును. వేపపుల్ల, కానుగపుల్ల నమలి మెత్తని కుంచెగా చేసి తోముట మేలైన అలవాటే. ఇటుకపొడి, బొగ్గు, ఇసుక వాడుట పంటిపై మెరుగును శాశ్వతముగ అరగదీయుట. తంబాకు పొడితో పండ్లు రాచుట పంటినొప్పికి మందని భ్రమించి దినదినము విషము పూసికొనుటయే. పండ్లమీద చారలుగా సుద్దతెలుపు, గోధుమమచ్చలు కనబడుట నీటిలోని అధిక ఫ్లోరైడువలన కలుగును. 1937లోనే ఆనాటి నెల్లూరు జిల్లా ప్రాంతమున వైద్యులు దీనిని వర్ణించిరి, నల్లగొండ బాధ లోకవిదితము. ఆ మచ్చ శైశవమున పన్ను తయారగునపుడే పడును గనుక నివారణ పిల్లలు త్రాగు నీటిలోనే యున్నది.

మచ్చ చూచుకొని, చూపించుకొనక వెనుదీయువారికి గల భయ మొకటి మిగిలియున్నది. ‘కత్తి తగిలితే పాకుతది’ అను మాట ప్రతి యూర వినబడును. పరీక్షకై బియ్యపుగింజ కంటె కొంచెము పెద్దదైన ముక్కను మత్తుసూది వేసి తీయుట వలన క్యాన్సరు పాకదు. కత్తి తగిలిన పిమ్మట చనిపోయినవారిని జనులు చూచిరి; వారు ఆలస్యముగ వచ్చిరి గనుక చనిపోయిరి. చిన్నదిగా నున్నపుడు పట్టుబడిన నోటిక్యాన్సరు శస్త్రచికిత్సతో తరచుగ నయమగును. మెడగడ్డలకు ప్రాకిన పిమ్మట ఆ ఆశ సగమునకు సగము తగ్గును. పొగాకు మానినచో తెల్లమచ్చలు కొన్ని తమంత తామే తగ్గుటయు కద్దు. తీసివేసిన మచ్చయు మరల రావచ్చును గనుక వైద్యుడు రమ్మన్న గడువునకు పోవుట మానరాదు.

ముప్పది యేండ్లు దాటిన వారందరికి ఐదేండ్ల కొకమారు నోరు చూడవలెనని ప్రభుత్వనియమమే కలదు. పల్లె దవాఖానలోని నర్సమ్మ అందుకు శిక్షణ పొందినది. ఆమెకు సందేహము తోచినచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు, అచ్చటినుండి ఎల్లారెడ్డి, కామారెడ్డి ఆసుపత్రులకు, అవసరమైనచో హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు సంస్థకు దారి యున్నది. చికిత్సవ్యయమునకు ఆరోగ్యశ్రీ యున్నది. కాని పోచారం పరిసరముల స్త్రీ కూలి మానుకొని దవాఖానకు పోదు. ఒక దినము పోయినచో వెయ్యి బీడీలు పోవును. ఆమె తప్పక పోవుచోటు ఒకటి కలదు: చుట్టిన బీడీలు అప్పగించి ఆకును తంబాకును తెచ్చుకొను బీడీ కార్ఖానా. పంచాయతీయు, ఆరోగ్యశాఖయు, కార్ఖానా యజమానులును కలిసి, నెలకొకమారు బీడీలు లెక్కపెట్టు దినముననే అచ్చట ఒక నర్సమ్మను, ఒక టార్చిలైటును, నాలుక నొత్తు పుల్లలను, పై ఆసుపత్రికి వ్రాసియిచ్చు చీటీపుస్తకమును ఉంచవలెనని నా విజ్ఞప్తి. బీడీలు లెక్కకు వచ్చులోపల ఆమె నోరు చూచుట ముగియును. ఆమెతో వచ్చిన భర్త నోటిని గూడ అప్పుడే చూడవచ్చును.